పాత స్వరాల నోటుబుక్కును ఇప్పటి పద్ధతికి మార్చేటప్పుడు

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకూ విషయం తెలియాలి కదా. పరకాల దగ్గరి ఊళ్లో మీ తాత నాటకాలకు, భజనలకు హార్మోనియం వాయించేవారు. ఆయన రాసుకున్న మూడు నోటుబుక్కులు మీ దగ్గరున్నాయి. కీర్తనలు, నాటక పద్యాలు, రెండు మూడు వర్ణాలు, అన్నీ స్వరాలతో సహా ఉన్నాయి. కానీ ఒక పేజీలో కాలాన్ని దీర్ఘంతో చూపారు, ఇంకో పేజీలో కామాతో. ఒకచోట ద, ఇంకోచోట ధ. చుక్కలు ఒకచోట అక్షరం పైన, ఒకచోట కింద, కొన్నిచోట్ల అసలే లేవు. ఇదంతా ఒకే తీరుగా, ఇప్పటి సంగీత పుస్తకాల్లో ఉన్నట్టు మార్చి అచ్చు వేయొచ్చా, అట్లా చేస్తే తాత రాతను చెడగొట్టినట్టు అవుతుందా అని అడిగారు. ఒక కీర్తన చరణంలో రెండు ఆవర్తాలు (తాళం ఒక పూర్తి చుట్టు ఒక ఆవర్తం) ఎట్లా లెక్కపెట్టినా తాళానికి సరిపోవట్లేదని కూడా రాశారు.

మార్చొచ్చు. పాడేవాళ్ల చేతికి పోవాలంటే మార్చక తప్పదు కూడా. అయితే మార్చాల్సింది గుర్తును, ధ్వనిని కాదు. కాగితం మీద కనిపించే తేడా ఉత్త రాత అలవాటా, లేక వినిపించే తేడానా అన్నది తేల్చుకోవడంలోనే పనంతా ఉంది. అది కంటికి చూడగానే తెలియదు. తాళం లెక్కతో, రాగ లక్షణంతో, ఆ పాట తెలిసినవాళ్ల గొంతుతో తేలాలి. తేలేదాకా తాత రాసిన ప్రతి తేడానూ ఒక సాక్ష్యం లాగే చూడండి.

ఇది నేను ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కింద ములుగు వైపు ఒక ఊరి భజన మండలి నోటుబుక్కు నా చేతికొచ్చింది. అందులో ఆనందభైరవి రాగంలో ఒక కీర్తన ఉంది. గ అక్షరానికి కొన్నిచోట్ల చిన్న కొక్కెం లాంటి గీత ఉంది, కొన్నిచోట్ల లేదు. కలం జారిందనుకున్నాను. శుద్ధప్రతి రాసేటప్పుడు అన్నిటినీ మామూలు గ చేసి, నోటుబుక్కు తిరిగి ఇచ్చేశాను. ఏడాది తర్వాత అదే ఊళ్లో ఒక పెద్దాయనకు నా ప్రతి చూసి పాడి వినిపించాను. చరణంలో ఒకచోట ఆయన చేయెత్తి ఆపారు. "ఆడ గాంధారం అట్ల కాదు బిడ్డా, జర పైకి పోతది" అని పాడి చూపించారు. అది అంతర గాంధారం. ఆనందభైరవిలో మామూలుగా పలికేది సాధారణ గాంధారం. అంతర గాంధారం అన్యస్వరంగా (రాగానికి బయటి స్వరంగా) కొన్ని సంచారాల్లోనే వస్తుంది. నేను చెరిపేసిన కొక్కెం ఆ స్వరానికి గుర్తు. మళ్లీ చూసుకుందామంటే, ఆ వానాకాలం కప్పు కారి నోటుబుక్కు తడిసి ముద్దయిపోయింది. ఆ కొక్కేలు ఇంకా ఎక్కడెక్కడ ఉండేవో ఇక తెలిసే దారి లేదు. పెద్దాయనకు జ్ఞాపకమున్న ఆ ఒక్క చోటే మిగిలింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఒక్క అక్షరం కూడా రాయకముందే మూడు పుస్తకాలకూ అట్ట నుంచి అట్ట దాకా ఫొటోలు తీయండి. ఖాళీ పేజీలు, అట్ట లోపలి వైపు, మధ్యలో పెట్టిన చీటీలు కూడా వదలొద్దు. ఎండ నేరుగా పడని వెలుతురులో ఒకసారి, పక్క నుంచి లైటు వేసి ఇంకోసారి తీయండి. పక్క వెలుతురులో పురుగు కొట్టిన రంధ్రం నీడ చూపిస్తుంది, సిరా చుక్క చూపించదు. తారస్థాయి (పై స్థాయి) చుక్కలనుకుని నేను రాసుకున్నవాటిలో కొన్ని పురుగు రంధ్రాలని తేలిన సందర్భం ఉంది కాబట్టి చెప్తున్నాను.

తర్వాత రెండు ప్రతులు వేరువేరుగా పెట్టుకోండి. మొదటిది ఉన్నది ఉన్నట్టు: తప్పు అనిపించినా తప్పుతో సహా, వరుస ఎక్కడ ఆగితే అక్కడే ఆపి ఎత్తిరాసింది. రెండోది పాడేవాళ్ల కోసం పరిష్కరించింది. చాలామంది మొదటి ప్రతి అనవసరం అనుకుని నేరుగా రెండోదానికి పోతారు. అప్పుడు చదువుతూనే సరిదిద్దడం మొదలవుతుంది, ఏది తాత రాసింది, ఏది మనం ఊహించింది అన్నది పది పేజీల్లోనే కలిసిపోతుంది.

మొదటి ప్రతి రాస్తున్నప్పుడే తేడాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో గమనించండి. అవి చెదురుమదురుగా ఉండవు. సాధారణంగా గుంపులుగా ఉంటాయి. మొదటి నలభై పేజీలు దీర్ఘాలతో, ఆ తర్వాత కామాలతో ఉన్నాయంటే మధ్యలో ఏదో జరిగింది: గురువు మారారు, అచ్చు పుస్తకం ఒకటి దొరికింది, లేదా రాసిన చెయ్యే వేరు. సిరా రంగు, అక్షరం వాలు, తలకట్టు పెట్టే తీరు చూడండి. తేదీలుంటే ఇంకా మంచిది. మన వైపు పాత నోటుబుక్కుల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. హైదరాబాదు సంస్థానంలో నడిచిన ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. 1352 ఫసలీ అంటే 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు దాకా. పక్కనే "చిత్రభాను" అని కూడా రాసి ఉందనుకోండి, ఆ తెలుగు సంవత్సరం 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. రెండూ కలిసే కాలం 1942 అక్టోబరుకూ 1943 ఉగాదికీ మధ్య. ఒక పేజీని ఇంత దగ్గరగా తేదీకి కట్టేయొచ్చు. అప్పుడు తాత ఏ వయసులో ఏ పద్ధతి వాడారో ఒక వరుస దొరుకుతుంది, మీరు చెప్పిన తేడాల్లో సగానికి కారణం అందులోనే బయటపడుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. కాలం గుర్తులతో మొదలుపెట్టండి, ఎందుకంటే వాటికి తాళమే సాక్షి. ఇప్పటి మన పద్ధతి మీకు తెలిసిందే: హ్రస్వం ఒక అక్షరకాలం, దీర్ఘం రెండు, కామా ఒకటి, సెమికోలన్ రెండు, పైన ఒక గీత ఉంటే రెండో కాలం. ఆది తాళంలో (ఒక లఘువు, రెండు ద్రుతాలు అనే భాగాలు) క్రియకు, అంటే చేతి దెబ్బకు, రెండు స్వరాల చొప్పున ఒక వరుస ఇట్లా ఉందనుకోండి:

సా రి గ మ పా మ | గా రి స | రి గ మ ప ||

లఘువుకు ఎనిమిది, ద్రుతాలకు నాలుగేసి. లెక్క సరిపోయింది. అదే వరుస ఇంకో పేజీలో

స , రి గ మ ప , మ | గ , రి స | రి గ మ ప ||

అని ఉంటే అదీ ఎనిమిది, నాలుగు, నాలుగు. రెండూ ఒకటే ధ్వని. దేన్నైనా ఇంకోదానిగా మార్చొచ్చు, నష్టం లేదు. కానీ మూడో పేజీలో

సా , రి గ మ పా , మ | ...

అని ఉంటే? ఇప్పటి పద్ధతిలో సా , అంటే మూడు. అట్లా చదివితే లఘువులో పది వస్తాయి. అంటే ఆ పేజీ రాసినప్పుడు తాత దీర్ఘం పెట్టి, అది దీర్ఘమని గుర్తుకు కామా కూడా పెట్టారన్నమాట. అక్కడ దీర్ఘమూ కామా కలిసి రెండే. ఆ పేజీ మొత్తం అట్లాగే సరిపోతుందా అని ప్రతి ఆవర్తమూ లెక్కపెట్టండి. అన్నీ సరిపోతేనే ఆ పేజీకి అది సూత్రం. ఒక్క వరుసలో సరిపోయిందని పుస్తకమంతా మార్చేయొద్దు.

దీర్ఘాల విషయంలో ఇంకో మెలిక ఉంది, ఉత్తర తెలంగాణ హార్మోనిస్టుల పుస్తకాల్లో ఇది తప్పకుండా ఎదురవుతుంది. నిజాం కాలంలో ఇక్కడ నాటకాలకు వాయించినవాళ్లకు కర్ణాటక సంగీతంతో పాటు హిందుస్తానీ కూడా చెవిలో ఉండేది. నాగరి లిపిలో సరిగమలు రాసేటప్పుడు షడ్జమాన్ని సా అని, రిషభాన్ని రే అని రాయడం మామూలు. అది పేరు మాత్రమే, కాలం కాదు. కాలాన్ని అడ్డగీతతో చూపుతారు. మీ తాత అట్లాంటి పుస్తకం నుంచి తెలుగులోకి ఎత్తిరాసుకుని ఉంటే

సా రే గ మ | ప – మ గ |

అని ఉంటుంది. తీన్‌తాల్‌లో విభాగానికి నాలుగు మాత్రలు. సా, రే లను రెండేసి అని లెక్కపెడితే మొదటి విభాగంలో ఆరు వచ్చి లెక్క తప్పుతుంది. గుర్తుపట్టే తీరు చెప్తాను. ఒక పేజీలో షడ్జమం ఎప్పుడూ సా గానే ఉండి, రి బదులు రే ఉండి, గ మ ప లకు ఎక్కడా దీర్ఘం లేకపోతే అది హిందుస్తానీ అలవాటు. గా, పా, నీ అని కూడా కనిపిస్తే మన అలవాటు.

ఆ పేజీని హిందుస్తానీది అని గుర్తుపట్టడం ఎందుకంత ముఖ్యమంటే, అక్కడ మిగతా గుర్తులన్నిటికీ అర్థం మారిపోతుంది. భాత్‌ఖండే పద్ధతిలో అక్షరం కింద గీత ఉంటే కోమల (దించిన) స్వరం, మధ్యమం మీద నిలువు గీత ఉంటే తీవ్ర (ఎక్కించిన) మధ్యమం, చుక్క పైన ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం (కింది స్థాయి). విష్ణు దిగంబర్ పలుస్కర్ పద్ధతిలో చుక్క పైన ఉంటే మంద్రం! తారస్థాయికి పైన నిలువు గీత. ఒకే చుక్క, ఒకే చోట, రెండు పుస్తకాల్లో రెండు స్థాయిలు. మీరు "చుక్కలు ఒకచోట పైన, ఒకచోట కింద" అన్నారు చూడండి, వాటిని సవరించే ముందు ఆ పేజీ ఏ పద్ధతిలోదో తేల్చుకోవాలి. పైచుక్కలున్న స్వరాలు పాట ఎత్తుగడలో మధ్యస్థాయి షడ్జమం కిందికి దిగే చోట ఉన్నాయా, లేక చరణంలో పైకి పోయే చోట ఉన్నాయా అని చూడండి. ని తర్వాత స, స తర్వాత రి అని మెట్లు మెట్లుగా నడిచే చోట్ల స్థాయి దానంతటదే తెలిసిపోతుంది. అక్కడ రుజువైన అర్థాన్నే మిగతా చోట్లకు తీసుకుపోవాలి.

కింది గీత సంగతీ అంతే. ఒంటరి గ కింద, ని కింద ఉంటే కోమలం కావొచ్చు. నాలుగైదు స్వరాల గుంపు కింద ఒకే పొడుగాటి గీత ఉంటే అది ద్రుతకాలం కావొచ్చు. మళ్లీ తాళం లెక్కే చెప్పాలి. గుంపును రెండో కాలంగా చదివితే ఆవర్తం సరిపోయిందా, అయితే అది కాలం గీత. తాళం గుర్తుల్లో సున్నా కూడా ఇట్లాంటిదే. మనకు సున్నా ద్రుతం, వాళ్లకు ఖాళీ.

"శుద్ధ" అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త. హిందుస్తానీలో శుద్ధ రిషభం అంటే మన చతుశ్శ్రుతి రిషభం. మన శుద్ధ రిషభం వాళ్లకు కోమల రిషభం. మార్జిన్‌లో "శుద్ధ రి" అని తాత రాసుకుంటే అది ఏ శుద్ధమో రాగాన్ని బట్టి తేల్చాలి. రాగం పేరు కూడా మోసం చేస్తుంది. పైన "భైరవి" అని ఒక్క మాటే ఉందనుకోండి. కర్ణాటక భైరవిలో చతుశ్శ్రుతి రిషభం, హిందుస్తానీ భైరవిలో కోమల రిషభం. రెండూ వేరు రాగాలు. తోడి అయితే మరీ. మన తోడి స్వరాలు వాళ్ల భైరవి థాట్‌వి, వాళ్ల తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. నాటక పాట అయితే హిందుస్తానీ వైపు, త్యాగరాజ కీర్తన అయితే మన వైపు మొగ్గు ఉంటుందని ఊహించొచ్చు. కానీ ఊహను ఊహ అనే రాయండి.

ద, ధ ల గురించి. ఇప్పుడు అచ్చులో ధైవతానికి రెండూ కనిపిస్తాయి. ఏదో ఒకటి ఎంచుకుని అంతటా పెట్టుకోవచ్చు, ధ్వని మారదు. కానీ ముందు ఒకటి చూడండి. చేతిరాతలో ద కింద చిన్న గీత గీస్తే ధ అవుతుంది. మంద్రస్థాయి చుక్క పెట్టేదీ అక్కడే. కలం కాస్త సాగితే చుక్క గీత లాగా పడుతుంది. కాబట్టి తాత ధ అని రాసిన చోట్లన్నీ పాట కింది స్థాయిలో ఉన్నవేనా అని చూడండి. అట్లా అయితే అవి ధ లు కావు, మంద్ర ద లు. నేను చూసిన ఒక పుస్తకంలో సరిగ్గా ఇదే జరిగింది. అన్నీ ధ చేసి చుక్కలు పోగొట్టుకుంటే ఆ పల్లవి ఒక స్థాయి పైకి ఎగిరి కూర్చునేది.

కొన్ని పేజీల్లో రు, గు, ధి, న లాంటి అక్షరాలు కనిపిస్తే రాత తప్పులనుకోకండి. ర-రి-రు, గ-గి-గు, మ-మి, ధ-ధి-ధు, న-ని-ను అని స్వరభేదాన్ని అచ్చుతో చూపే పాత పద్ధతి ఒకటుంది, మేళకర్తలను (మూల రాగాలను) చెప్పడానికి వాడేవాళ్లు. అక్కడ గు అంటే అంతర గాంధారం. దాన్ని గ అని "సరిచేస్తే" నేను ఆనందభైరవిలో చేసిన పనే మీరూ చేసినట్టు.

పాత లిపి కూడా కొంచెం తెలియాలి. వలపలగిలక అని ఉండేది, రేఫను అక్షరం తర్వాత ౯ లాంటి గుర్తుతో రాసేవాళ్లు. "వర్ణం" అనేది "వణ౯ం" అని ఉంటుంది. తెలుగు అంకె తొమ్మిది కూడా అదే ఆకారం. వర్ణం పేరు పక్కన తొమ్మిది ఎందుకు వచ్చిందని నాతో పనిచేసిన ఒక అమ్మాయి రెండు రోజులు వెతికింది. సంగతులకు (ఒకే వరుసను మార్చి మార్చి పాడే తీరులకు) ౧, ౨, ౩ అని అంకెలు వేసిన పేజీల్లో ఈ రెండూ కలిసిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. అట్లాగే వరుస మొదట్లో ఉండే ప॥ పల్లవికి గుర్తు, పంచమం కాదు. దాన్ని స్వరంగా లెక్కేస్తే ఆ ఆవర్తంలో ఒక అక్షరం ఎక్కువ వస్తుంది. మీకు సరిపోని రెండు ఆవర్తాల్లో ఇట్లాంటిది ఉందేమో ముందు చూడండి.

తాళం పేర్లను మార్చొద్దు, వివరం మాత్రం ఇవ్వండి. "త్రిపుట" అని ఉన్న కీర్తనను ఇప్పుడు మిశ్రచాపులో పాడుతుంటారు, రెండిటికీ ఏడు అక్షరాలే కాబట్టి. కానీ తిశ్రజాతి త్రిపుట 3, 2, 2 గా విడుతుంది, మిశ్రచాపు 3, 4 గా. దెబ్బ పడే చోటు వేరు. పేరు త్రిపుట అనే ఉంచి, "ఇప్పుడు మిశ్రచాపులో పాడుతున్నారు" అని పేజీ అడుగున రాయండి. ఒట్టి "చాపు" అని ఉంటే లెక్కపెట్టి ఏడో అయిదో తేల్చి, ఆ మాటను చదరపు బ్రాకెట్‌లో చేర్చండి: [మిశ్ర] చాపు. బ్రాకెట్‌లో ఉన్నది మీది, బయట ఉన్నది తాతది.

మేళం పేర్లలో కూడా పాతవి రావొచ్చు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలోనే అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో 22వ మేళం శ్రీరాగం, ఇప్పుడు మనం ఖరహరప్రియ అంటున్నాం. 28వది అక్కడ హరికేదారగౌళ, ఇక్కడ హరికాంభోజి. 8వది జనతోడి, మనకు హనుమతోడి. తాత "శ్రీరాగ మేళం" అని రాస్తే మేళం సంఖ్య పక్కన పెడితే చాలు. కానీ అదే తొందరలో "శ్రీరాగం" అని ఉన్న కీర్తన రాగాన్ని ఖరహరప్రియ చేసేస్తే అది వేరే రాగం అయిపోతుంది. ఆ గ్రంథం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. దీక్షితులు గమకాలకు (స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు) ఎన్నో గుర్తులు వాడారు, ఏ గుర్తుకు ఏ అర్థమో ముందే వివరించి పెట్టారు. మీ పుస్తకానికి కూడా మొదట్లో ఒకటి రెండు పేజీలు అట్లాంటి పట్టిక ఉండాలి: తాత వాడిన గుర్తు, ఏ పేజీల్లో వాడారు, మీరు దాన్ని ఎట్లా చూపించారు. అన్నట్టు, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టింది కూడా 1904లోనే. అక్కడ ఒకసారి పాత అచ్చు కీర్తనల పుస్తకాలు వెతకండి. తాత ఎత్తిరాసుకున్న పుస్తకం దొరికితే మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అదే ఇస్తుంది.

పద్యాలకు మాత్రం పైన చెప్పిన లెక్కలేవీ పనిచేయవు. నాటక పద్యం రాగంలో సాగదీసి పాడేది, తాళం లేదు. అక్కడ దీర్ఘం అంటే "ఇక్కడ నిలబడు" అని, రెండు అక్షరకాలాలు అని కాదు. కొందరు చూడ్డానికి బాగుంటుందని పద్యాలకు కూడా గీతలు కొట్టి ఆవర్తాలుగా విడగొడతారు. దయచేసి అది చేయకండి. ఉన్నవి ఉన్నట్టు, పాదం ఒక వరుసగా వేయండి.

సాహిత్యం విషయంలో అరసున్నలు పాడేవాళ్ల ప్రతిలో తీసేయొచ్చు, ఎత్తిరాసిన ప్రతిలో ఉంటాయి కదా. కానీ మాటను మార్చొద్దు. కరీంనగర్ వైపు భజనల్లో "అచ్చె", "అచ్చినడు" అని ఉంటుంది. దాన్ని "వచ్చె" చేస్తే పుస్తకం భాష అవుతుంది, కానీ ఆ పాదంలో యతి అ మీద నిలబడి ఉంటే అది పోతుంది. పాడినవాళ్ల నోటి మాట కూడా పోతుంది.

శ్రుతి సంగతి మీరు అడగలేదు కానీ హార్మోనియం పుస్తకం కాబట్టి చెప్తున్నాను. "కాలీ తీన్" అని పేజీ మూల ఉంటే అది మూడో నల్లమెట్టు, మన లెక్కలో నాలుగున్నర శ్రుతి. "కాలీ ఏక్" ఒకటిన్నర. ఇవి తాతతో ఎవరు పాడారో చెప్పే ఆనవాళ్లు. ఆయన వాయించిన నాటకంలో స్త్రీ పాత్రకు ఒక శ్రుతి, రాజు పాత్రకు ఒకటి ఉండొచ్చు. తీసేయకండి, మార్చకండి, అర్థం పక్కన రాయండి.

కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు నేరుగా వర్డ్‌లో టైపు చేస్తే కష్టపడతారు. చాలా తెలుగు ఫాంట్లలో అక్షరం మీది చుక్క పక్కకు జరుగుతుంది, లేదా మాయమవుతుంది. నేను ఎక్సెల్‌లో చేస్తాను. ఒక గడికి ఒక అక్షరకాలం. ఒక వరుసలో స్వరం, దాని కింది వరుసలో స్థాయి (తార, మంద్ర అని మాటల్లోనే), ఇంకో వరుసలో సాహిత్యం, నాలుగో వరుసలో తాత రాసిన అసలు గుర్తు. గడులు లెక్కపెడితే ఆవర్తం సరిపోయిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. చివర్లో అచ్చు వేసే అతనికి దాన్ని ఇచ్చి చుక్కలు పెట్టించొచ్చు. ఒక్క మాట, ద ని ధ గా మార్చడానికి మొత్తం ఫైలు మీద రీప్లేస్ కొట్టకండి. "దయ" "ధయ" అవుతుంది, "దాశరథి" "ధాశరథి" అవుతుంది.

మీరు చేర్చినవి ఎట్లా చూపాలన్నది మనకే వచ్చిన సమస్య కాదు. పాశ్చాత్య సంగీతంలో 16వ శతాబ్దపు రాతప్రతులను పరిష్కరించేవాళ్లు, పాడేటప్పుడు మారాలని తాము అనుకునే స్వరానికి ఆ గుర్తును స్వరం పక్కన పెట్టరు, చిన్నగా దాని పైన పెడతారు. పక్కన ఉన్నది రాతప్రతిది, పైన ఉన్నది తమ అభిప్రాయం అని చూడగానే తెలుస్తుంది. మనం బ్రాకెట్లతో, చుక్కల గీతలతో అదే చేయొచ్చు. తాత గీసిన కాలం గీత నిండు గీత, మీరు చేర్చింది తెగిన గీత.

గమకం కోసం గీసినట్టుండే వంకర గీతలను మాత్రం ఏ పేరూ పెట్టకుండా అట్లాగే ఉంచండి. హార్మోనియం మీద కంపితం (స్వరాన్ని ఊపడం) పలకదు, కాబట్టి ఆయన దాన్ని గాయకుడి కోసం రాసుకున్నారా, లేక సాగదీయమని తనకు తాను రాసుకున్నారా అన్నది కాగితం చెప్పదు. ఆ కీర్తన ఇంకా పాడేవాళ్లు మీ ఊళ్లో ఒక్కరున్నా సరే, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఈ వారమే పోండి. కాగితాలు ఇంకో పదేళ్లు ఆగుతాయి, వాళ్లు ఆగకపోవచ్చు. అనుమానం తీరని రాగాలుంటే వరంగల్ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో పెద్దవాళ్లకు వినిపించండి. కాగితం చూపిస్తే పుస్తకంలో ఉన్న రాగం చెప్తారు, రికార్డు వినిపిస్తే పాడిన రాగం చెప్తారు. రెండూ అడగండి.

ఇక ఆ సరిపోని రెండు ఆవర్తాలు. మొదట చూడాల్సింది ఎత్తుగడ. చరణం సమం (తాళం మొదటి దెబ్బ) మీద కాకుండా తర్వాత ఎత్తుకుంటే మొదటి ఆవర్తంలో ఆ మేరకు తక్కువ పడుతుంది. చాలామంది ఆ ఖాళీకి కామాలు పెట్టరు. ఆ తక్కువ చరణం చివరి ఆవర్తంలో పల్లవి అందుకునే చోట తీరుతుంది. మీ రెండు ఆవర్తాల్లో ఒకటి చరణం మొదలు, ఇంకోటి చివర అయి, రెండూ కలిపితే ఒక నిండు ఆవర్తం వస్తుంటే తప్పేమీ లేదు. మొదట్లో కామాలు బ్రాకెట్‌లో చేర్చండి చాలు. రెండూ చరణం మధ్యలో ఉండి, ప॥ లాంటి గుర్తు కూడా ఏదీ కలవలేదనుకోండి, అప్పుడు అక్కడ స్వరం తప్పిపోయింది, లేదా రెండు సంగతులు ఒకే వరుసలో పడ్డాయి. దాన్ని మీరు పూరించొద్దు. తక్కువగానే అచ్చు వేసి, "రాతప్రతిలో ఇంతే ఉంది, తాళానికి రెండు అక్షరాలు తక్కువ" అని ఎన్ని తక్కువైతే అన్ని రాయండి. పాడేవాళ్లు తమకు తోచినట్టు సర్దుకుంటారు, కానీ అది తాత రాసిందని అనుకోరు.

ఆ పేజీ ఫొటో పంపండి, చరణం మొదటి వరుస, పల్లవి మొదటి వరుస కూడా కనిపించేటట్టు. మార్జిన్ కత్తిరించకండి.